పింఛనీ సిపాయిలు కలిసిన చోట

మాజీ సైనికుల సంఘాలు వేసే వార్తాపత్రికలు మన పాఠకులు సాధారణంగా చదివే సరుకు కాదు. రెజిమెంటు పుట్టినరోజు ఎక్కడ జరిగింది, ముఖ్య అతిథి ఎవరు, పోయినేడాది ఎవరెవరు కన్నుమూశారు, పింఛను కొత్త లెక్కేమిటి, ఏ వితంతువుకు బకాయి వచ్చింది, మళ్ళీ ఎప్పుడు కలుసుకుందాం - ఇంతే వాటిలో ఉండేది. ఇందులో రాజకీయం ఏముంది అనిపిస్తుంది. కానీ దళిత ఉద్యమ చరిత్ర చదివేవాళ్ళు ఈ సంఘాల సంగతి పట్టించుకోక తప్పదని మేం అనుకుంటున్నాం. ఈ దేశంలో అంటరానివాళ్ళు తీర్మానం, కరపత్రం, వినతిపత్రం అనే ఆయుధాలతో పెట్టుకున్న తొలి సంఘాల్లో ఒకటి పింఛనీ సిపాయిలది. అది కొంకణ తీరంలో పుట్టింది. నిజాం రాజధానిలో అట్లాంటిది పుట్టలేదు. ఈ తేడాను అర్థం చేసుకోవడానికే ఈ వ్యాసం.

మొఘల్‌పురా దగ్గరే మొదలుపెడదాం. చార్మినార్‌కు దగ్గర్లో ఉన్న ఈ పేట పేరు వింటేనే 1687లో గోల్కొండను పడగొట్టిన ఔరంగజేబు సైన్యం గుర్తొస్తుంది. అక్కడి నుంచి దక్షిణంగా చాంద్రాయణగుట్ట దాటితే బార్కాస్. అది ‘బ్యారక్స్’ అనే మాటే. నిజాం కొలువులో ఉన్న హద్రమౌత్ అరబ్బు సిపాయిల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. మూసీ అవతల ఏ.సీ. గార్డ్స్ ఉంది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని దాని పూర్తి పేరు. వనపర్తి సంస్థానం నుంచి నిజాం దగ్గరికి వచ్చిన సిద్దీ గుర్రపు దళం అది. కిషన్‌బాగ్ వైపు వెళితే బారాంబాలా గురుద్వారా కనిపిస్తుంది. 1832లో రంజిత్ సింగ్ పంపిన సిక్కు దళం వారసులు దాని చుట్టూ స్థిరపడ్డారు. ఇక సికింద్రాబాద్‌ను ఊళ్ళ నుంచి వచ్చే పాతతరం వాళ్ళు లష్కర్ అనే అనేవాళ్ళు. బోనాలు ఇప్పటికీ లష్కర్ బోనాలే.

ఈ సమూహాలకు వార్తాపత్రిక లేకపోయినా కలుసుకునే చోటు ఉంది. మసీదు, గురుద్వారా, పెళ్ళిలో మోగే మర్ఫా - ఏదో ఒకటి వాళ్ళను సిపాయిల సంతతిగా ఏటా గుర్తుచేస్తుంది. పాతబస్తీ అనగానే ముస్లింల బస్తీ అని రాసే పత్రికలు మరిచిపోతుంటాయి గానీ, ఇక్కడ మాల, మాదిగ వాడలు కూడా ఉన్నాయి. ఆ వాడలకు మాత్రం ఏ పటాలం పేరూ లేదు.

లేదంటే వాళ్ళకు సైన్యంతో సంబంధం లేదని కాదు. సైన్యం నడిచిందే చర్మం మీద. గుర్రం జీను, కళ్ళెం, తూటాల సంచి, నీళ్ళ తిత్తి, బూట్లు - ఇవన్నీ ఎవరి చేతుల్లో తయారయ్యాయో వేరే చెప్పాలా? కంటోన్మెంటులో గుర్రాల సాయీసులు, గడ్డి కోసేవాళ్ళు, వంటవాళ్ళు, పాకీపని వాళ్ళు లేకుండా ఒక్క పూట గడిచేది కాదు. వీళ్ళను ఫాలోయర్లు అనేవారు. అంటే సైన్యం వెంట నడిచేవాళ్ళే తప్ప సైన్యం కాదు. సిపాయితో సమానమైన జీతం లేదు, పింఛను లేదు, పతకాల జాబితాలో చోటు అరుదు. కాబట్టి కలుసుకోవడానికి ఒక సంఘమూ లేదు. వర్ణవ్యవస్థ బ్యారక్‌లోకి ఇట్లా వేరే పేరుతో వచ్చింది.

తుపాకీ పట్టిన వాళ్ళూ ఉన్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో కంపెనీ సైన్యంలో చేరిన తెలుగువాళ్ళ మూలంగానే ఉత్తరాదిలో సిపాయిని ‘తిలంగా’ అనే అలవాటు వచ్చింది. 1857లో ఢిల్లీ జనం తిరుగుబాటు సిపాయిలను కూడా అట్లాగే పిలిచారు. మద్రాసు సైన్యంలో పరయలు పెద్ద సంఖ్యలో ఉండేవారు, మాలలూ ఉండేవారు. మద్రాసు శాపర్ల దళానికి పరయలే వెన్నెముక. బొంబాయి సైన్యంలో మహర్లది అట్లాంటి స్థానమే.

తర్వాత ‘యుద్ధ జాతులు’ అనే సిద్ధాంతం వచ్చింది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి, ఆ తర్వాత 1893 దాకా మొత్తం భారత సైన్యానికి సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దీన్ని గట్టిగా అమలుచేశాడు. దక్షిణాది వాళ్ళు పోరాడలేరు, పంజాబీలు, పఠాన్లు, గూర్ఖాలే వీరులు అన్నాడు. 1892-93 నాటికి మహర్ల భర్తీ ఆగిపోయింది. అంతకుముందు వందేళ్ళు పోరాడిన వాళ్ళు ఉన్నట్టుండి పిరికివాళ్ళు ఎట్లా అయ్యారో ఎవరూ వివరించలేదు. పై కులాల వాళ్ళు కింది కులం సుబేదారుకు సెల్యూట్ కొట్టడానికి ఇష్టపడటం లేదన్నది దీని వెనకున్న అసలు ఇబ్బందుల్లో ఒకటి. మనువు చెప్పిన మాటనే దొరలు శాస్త్రం పేరుతో తిరిగి చెప్పారు.

ఇక్కడే పింఛనీ సిపాయి రంగం మీదికి వస్తాడు. రత్నగిరి జిల్లా దాపోలీలో రిటైరైన మహర్ సైనికుల కుటుంబాలు చాలా ఉండేవి. వాళ్ళ బతుకు గ్రామంలోని మిగతా మహర్ల బతుకు లాంటిది కాదు. గ్రామంలో మహర్‌కు తిండిగింజ పాటిల్ చేతి నుంచి రావాలి. ఎదురుతిరిగితే గింజ బందు. పింఛను డబ్బు మాత్రం సర్కారు ఖజానా నుంచి వస్తుంది, దాన్ని ఏ పాటిల్ ఆపలేడు. దానికితోడు చదువు. సైన్యంలో సిపాయిల పిల్లలకు, ఆడపిల్లలతో సహా, బడి ఉండేది. చేతిలో నెలనెలా డబ్బు, రాయగలిగిన చెయ్యి, ఒక పటాలంలో పనిచేసిన పాత స్నేహం - ఈ మూడూ కలిసిన చోట సంఘం పుట్టింది. మా దృష్టిలో ఇది తెల్లదొరల దయ కానే కాదు. వాళ్ళు ఇవ్వాలనుకున్నది కూలి మాత్రమే. దాని నుంచి సంఘాన్ని తీసింది మహర్లు.

గోపాల్ బాబా వలంగ్‌కర్ 1886లో సైన్యం నుంచి రిటైరయ్యాడు. ఫూలే శిష్యుడు. అంటరానితనం మీద 1888లో పుస్తకం వేశాడు. అనార్య దోష పరిహారక మండలి పెట్టి, 1890లలో భర్తీ నిషేధానికి వ్యతిరేకంగా వినతిపత్రం తయారుచేశాడు. ఆ రోజుల్లోనే మరో పింఛనీ సుబేదారు ఇదే పనిమీద జస్టిస్ రానడే సాయం కోసం తిరిగాడు. ఆయన పేరు రాంజీ సక్పాల్. సైనిక బడిలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసినవాడు. 1891లో మౌ కంటోన్మెంటులో పుట్టిన ఆయన కొడుకు పేరు మనకు తెలుసు. 1910లో శివరామ్ జానబా కాంబ్లే ఇదే కోరికతో లండన్‌లోని ఇండియా మంత్రికి విన్నపం పంపాడు. సైన్యంలో, పోలీసులో మమ్మల్ని తీసుకోండి అన్నది దాని సారం. ఉద్యోగం అడిగినట్టే కనిపిస్తుంది గానీ, అడిగింది పౌరసత్వం.

ఇట్లాంటి వాళ్ళ కలయికలన్నిటిలోకి పెద్దది భీమా కోరేగావ్. 1818 జనవరి 1న అక్కడ కంపెనీ దళం పీష్వా సైన్యాన్ని నిలవరించింది. ఆ దళంలో మద్రాసు ఫిరంగి సిపాయిలు కూడా కొందరు ఉన్నారు. తర్వాత కట్టిన స్తంభం మీద చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కారు. వాటిలో 22 పేర్లు ‘నాక్’ అనే మహర్ ప్రత్యయంతో ముగుస్తాయి. అంబేడ్కర్ 1927 జనవరి 1న అక్కడికి వెళ్ళాడు. రెండున్నర నెలలు దాటాక, మార్చి 20న మహద్ చెరువు నీళ్ళు తాగాడు. మహద్‌కు కదిలివచ్చిన కొంకణ జనంలో పింఛనీ సైనికులూ ఉన్నారు.

ఆ యుద్ధం కుల నిర్మూలన యుద్ధమేనా అంటే, కాదని ఆనంద్ తేల్తుంబ్డే 2018లో రాశారు. కంపెనీ తన లాభం కోసం చేసిన యుద్ధాన్ని విముక్తి కథగా మార్చుకోవద్దన్నారు. యుద్ధం మటుకు ఆయన మాట నిజమే. కానీ ఏటా అక్కడికి పోయే లక్షల మంది 1818ని చూడటానికి పోతున్నారని మేం అనుకోవడం లేదు. ఒకరినొకరు చూసుకోవడానికి పోతున్నారు. ఆ కలయిక అంటే ఎంత గిట్టదో 2018 జనవరి 1న, రెండు వందల ఏళ్ళ సభ రోజున జరిగిన దాడి చూపించింది. ఆ పేరుతో నడిచిన కేసు అదే ఏడాది ఆగస్టులో హైదరాబాద్‌లో వరవరరావు ఇంటి దాకా వచ్చింది.

సంఘం నిలవాలంటే పటాలం నిలవాలి. ఈ మాటకు రెండు ఉదాహరణలు చాలు. మహర్ రెజిమెంటు 1941లో ఏర్పడింది. అదే ఏడాది అంబేడ్కర్ రక్షణ సలహా మండలిలో ఉన్నాడు. మొదట్లో ఆ రెజిమెంటు టోపీ బిళ్ళ మీద కోరేగావ్ స్తంభమే ఉండేది. ఇప్పుడది అన్ని కులాల, ప్రాంతాల సైనికులు ఉన్న రెజిమెంటు. దానికి సాగర్‌లో కేంద్రం ఉంది, పునస్సమ్మేళనాలు జరుగుతాయి, రికార్డులు ఉన్నాయి. చమార్ రెజిమెంటు 1943లో ఏర్పడింది. బర్మా వైపు యుద్ధంలో పోరాడింది, 1946లో రద్దయింది. రద్దయిన రెజిమెంటుకు పుట్టినరోజు చేసేదెవరు? దాన్ని తిరిగి నిలబెట్టాలన్న డిమాండ్ ఇంకా డిమాండ్‌గానే ఉంది.

హైదరాబాద్ పేరు మీద జరిగింది ఇంకా విచిత్రం. బ్రిటిష్ ఇండియా సైన్యంలో 19వ హైదరాబాద్ రెజిమెంటు అని ఒకటి ఉండేది. నిజాం ఖర్చుతో పెరిగిన హైదరాబాద్ కంటింజెంటు దాని మూలం. అందులో చివరికి మిగిలింది కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో పేరు కూడా మార్చి కుమావూ రెజిమెంటు చేశారు. ఇవాళ ‘హైదరాబాద్’ సిపాయిల వారసత్వం పునస్సమ్మేళనం జరిగేది హిమాలయాల్లోని రాణీఖేత్‌లో! నిజాం సొంత సైన్యం సంగతి వేరు. దాని లాన్సర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్ళారు. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి వాళ్ళది. 1948 సెప్టెంబర్ 17న లొంగుబాటు తర్వాత ఆ సైన్యం రద్దయింది. పాతబస్తీలో ఎన్నో ముస్లిం ఇళ్ళు ఒక్కసారిగా జీతం లేనివయ్యాయి. ఈ విషయంలో మొఘల్‌పురా ముస్లిం సిపాయికీ, చమార్ రెజిమెంటు సిపాయికీ కష్టం ఒక్కటే. ఎవరూ పిలవని మాజీ సైనికులు వీళ్ళు.

మరి తెలంగాణ మాల మాదిగలు? నిజాం సైన్యం ప్రధానంగా అరబ్బులు, పఠాన్లు, దక్కనీ ముస్లింలు, సిక్కులు వంటి వాళ్ళది. ఊళ్ళో మాలకు దక్కింది నీరటి, మస్కూరి లాంటి పనులు, మాదిగకు తోలు, చావు డప్పు, ఇద్దరికీ వెట్టి. 1936లో భగేలా వెట్టి ఒప్పందాల మీద చట్టం చేయాల్సి వచ్చిందంటే ఆ పట్టు ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు. దొర చేతికి అందని నెలసరి డబ్బు ఉన్న దళితుడు తెలంగాణ గ్రామంలో దాదాపు లేడు. అందుకే ఇక్కడి ఉద్యమం గ్రామంలో మొదలవలేదు, నగరంలో మొదలైంది. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం పెట్టింది హైదరాబాద్‌లో. ఆయన వెనక నిలిచినవాళ్ళు నగరంలో కొలువులు, చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళు. పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో రాసిన హైదరాబాద్ దళిత ఉద్యమ చరిత్ర నిండా ఇట్లాంటి నగర మనుషులే. దాపోలీలో పింఛను చేసిన పనిని ఇక్కడ నగర జీతం చేసింది. కానీ జీతగాడు నగరంలోనే ఉంటాడు. పింఛనుదారు ఊరికి తిరిగొస్తాడు. ఈ తేడా వల్ల మనకు ఎంత ఆలస్యమైందో చరిత్ర విద్యార్థులు లెక్కగట్టాలి.

ఈ కోణం నుంచే 2022 అగ్నిపథ్‌ను కూడా చూడాలి. ఆ జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో జరిగిన కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రవాడు ఒకడు చనిపోయాడు. నాలుగేళ్ళ కొలువు, నూటికి ఇరవై అయిదు మందికే కొనసాగింపు, మిగతావాళ్ళకు పింఛను లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. టీవీల్లో దేశభక్తి గురించే చర్చ నడిచింది. ఊరికి తిరిగొచ్చే పింఛనుదారు ఇక తగ్గిపోతాడన్న సంగతి ఎవరికీ పట్టలేదు. సైన్యం భర్తీలో ఎస్సీ రిజర్వేషన్ ఎప్పుడూ లేదు. ఉన్న ఒక్క దారీ ఇరుకైంది.

ఇప్పటికే పింఛను తీసుకుంటున్న మన వాళ్ళ సంగతి వేరే. కార్యకర్తలు, టీచర్లు వాళ్ళకు చేయగలిగింది చాలా ఉంది. కేంద్రంలో గ్రూప్ సీ ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 10 శాతం కోటా ఉంది. ఇది అడ్డకోటా. అంటే ఆ కోటాలో ఎంపికైన ఎస్సీ సైనికుణ్ణి ఎస్సీ లెక్కలో వేస్తారు. కానీ మెరిట్‌తో ఓపెన్‌లో రాగలిగిన వాణ్ణి కూడా ఎస్సీలోకి తోసేస్తే అది అన్యాయం. అడ్డకోటాలో కూడా ఓపెన్ అంటే అందరికీ ఓపెన్ అని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో సౌరవ్ యాదవ్ కేసులో స్పష్టంగా చెప్పింది. సెలక్షన్ జాబితా వచ్చినప్పుడు దీన్ని సరిచూసే అలవాటు మనకు లేదు.

వితంతువుల విషయం ఇంకా అధ్వాన్నం. సైన్యం కాగితంలో పెళ్ళి నమోదు కాదు, లేదా పేరు ‘ఎల్లమ్మ’ బదులు ‘యెల్లమ్మ’ అని ఉంటుంది, ఆధార్‌లో పుట్టిన సంవత్సరం వేరుగా ఉంటుంది. కుటుంబ పింఛను అక్కడే ఆగిపోతుంది. సంఘం చురుగ్గా ఉన్న కులాల్లో ఎవరో ఒక హవల్దారు ఆ ముసలమ్మను వెంటబెట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పోతాడు, రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం రాయిస్తాడు. మన వాడలో ఆ పని ఎవరు చేస్తున్నారో కనుక్కోండి. ఇంట్లో రేకు పెట్టెలో డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు, పతకం ఉంటే ముందు జిరాక్సు తీయించండి. తాత ఫాలోయర్‌గా పనిచేశాడని చెబితే అదీ రాసుకోండి, ఏ పటాలం, ఏ ఊరు, ఏ ఏడు. వాళ్ళ పేర్లు ఏ స్తంభం మీదా లేవు.