కుందేళ్ల పచ్చిమేత: విషపు మొక్కల గుర్తింపు

కోరుకొండ ప్రాంతమున ముచ్చటకై కుందేళ్లను పెంచు ఇండ్లలో గట్లమీది మేత కోసి తెచ్చు పని తరచుగా పిల్లలపై పడును. కుందేలు తిన్నదానిని కక్కలేదు. కావున మొక్కను కోయుటకు ముందే పోల్చుకొనవలెను.

గరిక, తోటకూర, అవిసె ఆకు వేయదగినవి. ఈ క్రింది వానిని తాకనీయరాదు.

గన్నేరు: కణుపునకు సాధారణముగా మూడేసి ఆకులు, సన్నము, పొడుగు, తోలువలె దళసరి. కొద్ది ఆకైనను గుండెను చెఱచును.

జిల్లేడు: వెడల్పాకు, తెల్లని నూగు, త్రుంచిన పాలు కారును.

ఉమ్మెత్త: బూరవంటి పువ్వు, ముండ్లకాయ.

వయ్యారిభామ: 1955లో పూనాలో కనబడి దేశమెల్ల వ్యాపించినది. చీలిన ఆకులు, చిన్న తెల్లపూలు. కోయువారికిని దురద పుట్టించును.

ఆకొక్కటి చూచి నిర్ణయింపరాదు. కాండము, పువ్వు, కాయ కూడ చూడవలెను. మొక్కల పేర్లు ఊరూర మారుచుండును గనుక పేరు విని నమ్మరాదు. సందేహమున్నదానిని విడిచిపెట్టుడు. కలుపుమందు చల్లిన గట్టుమీది గరికయు మేతకు పనికిరాదు.

కుందేలు మేత మానినను, పెంటికలు వేయకున్నను, తిన్న కొమ్మతో సహా ఆ పూటనే పశువైద్యుని కడకు గొనిపోవలెను.