గోలు ముందు నిలిచిన సైనికుడు



మా ఇబ్రహీంపట్నంలో బడి విడిచాక పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే అప్పుడప్పుడు నిలబడి చూస్తుంటాను. ప్రతిరోజూ ఒకటే తగాదా. అందరికీ గోలు కొట్టాలనే ఉంటుంది, కాయడానికి మాత్రం ఎవరూ రారు. చివరికి అందరికంటే చిన్నవాణ్ణి తీసుకుపోయి అక్కడ నిలబెడతారు. వాడు ముఖం చిన్నబుచ్చుకుంటాడు. ఆ పిల్లవాణ్ణి చూసినప్పుడల్లా నాకు పీటర్ తంగరాజ్ గుర్తుకు వస్తాడు.

ఆయన 1935 డిసెంబరు 24న మన హైదరాబాదులోనే పుట్టాడు. సికింద్రాబాదులో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల తరఫున ఆడుతూ పెరిగాడు. 1953లో సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు వెళ్లాడు. ఆ రోజుల్లో ఆటే జీవనాధారం కావడం అరుదు. సైన్యమో, పోలీసో, రైల్వేయో అన్నం పెడితేనే ఆటగాడు ఆడగలిగేవాడు.

మొదట ఆయన గోలు కొట్టే ఫార్వర్డ్. సైన్యంలో ఆయనను గోల్‌కీపర్‌గా మార్చారు. ఆరడుగులు దాటిన మనిషి, పొడవైన చేతులు. కోరుకున్న చోటు కాకపోయినా అక్కడే సాధన చేశాడు. 1955లోనూ 1958లోనూ ఆ రెజిమెంటు జట్టు డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్లలో ఆయన ఉన్నాడు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడల సంగతి. జట్టు శిక్షకుడు మన హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. సికింద్రాబాదు అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం, హైదరాబాదు వాడైన యూసుఫ్ ఖాన్ కూడా ఆ జట్టులో ఉన్నారు. అక్కడ తంగరాజ్‌కు జ్వరం పట్టుకుంది. ఆయన బదులు ప్రద్యుత్ బర్మన్ గోలు కాశాడు. జట్టు ఫైనల్‌కు చేరింది.

సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో పోటీ. అదే జట్టు చేతిలో మనవాళ్లు మొదటి ఆట 2-0తో ఓడిపోయి ఉన్నారు. పైగా ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదని భారత ప్రతినిధి ఒకరు అభ్యంతరం చెప్పినందుకు, స్టేడియం నిండా ఉన్న జనం మనవాళ్లను గేలి చేశారు. రహీం ఆ రోజు జ్వరం నుండి లేచిన తంగరాజ్‌ను గోలు ముందు నిలబెట్టాడు. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా పంపాడు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు కొట్టారు. చివర్లో కొరియా ఒకటి కొట్టినా 2-1తో బంగారు పతకం మనదే అయింది.

ఆలోచించండి. ఫార్వర్డ్‌గా మొదలైనవాడు గోలు కాశాడు. వెనుక కాయవలసినవాడు ముందుకు వెళ్లి గోలు కొట్టాడు. అంతవరకు నమ్మకంగా కాసిన బర్మన్ పక్కకు తప్పుకున్నాడు. ఈ ముగ్గురిలో ఎవరి పని తక్కువది? అప్పటికే క్యాన్సరుతో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న కన్నుమూశాడు.

తంగరాజ్ తరువాత కలకత్తా క్లబ్బులకు ఆడి, 1967లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఆట మానిన తరువాత బొకారోలో కుర్రవాళ్లకు ఆట నేర్పాడు. 2008 నవంబరు 24న అక్కడే మరణించాడు.

మన ఇళ్లలోనూ ఒక అన్న పట్నం వెళ్లి ఉద్యోగం సంపాదిస్తాడు, ఊరంతా వాణ్ణి మెచ్చుకుంటుంది. తమ్ముడు పొలం చూసుకుంటూ, మంచం పట్టిన తండ్రికి అన్నం తినిపిస్తూ ఇంటినే కాస్తుంటాడు. వాణ్ణి ఎవరూ పొగడరు. తల్లిదండ్రులారా, పండుగకు పెద్దవాడు వచ్చినప్పుడు, చిన్నవాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని నలుగురి ముందు ఒక మంచి మాట చెప్పండి. అక్కడ వాడు నిలబడ్డాడు గనుకనే ఇల్లు నిలబడింది.