తాళం తిప్పితే కారు పలకనప్పుడు

ఈ వేళ వంటింటి సంగతి కాదు, వాకిట్లో నిలబెట్టిన కారు సంగతి మాట్లాడుకుందాం. "అవన్నీ మనకెందుకండీ, మా వారు చూసుకుంటారు" అంటారేమో. వారు ఊళ్ళో లేని రోజు చూసుకునే అది మొరాయిస్తుంది. నా అనుభవం అదే.

మా అత్తయ్యగారికి కంటి ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా కట్టు విప్పించడానికి ఆసుపత్రిలో ఉండాలి. మా వారు క్యాంపుకి వెళ్ళారు. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టి, తాళం తిప్పాను. టిక్ టిక్ టిక్ మని బల్లి పలికినట్టు చప్పుడు, అంతే. ఆటోలో వెళ్ళొచ్చాం లెండి. తర్వాత మెకానిక్ వచ్చి, బానెట్ ఎత్తి అర నిమిషం చూసి, "స్టార్టర్ మోటారు పోయిందమ్మా, మార్చాలి" అన్నాడు. ఏడు వేలు! అమ్మాయి కాలేజీ ఫీజుకని బీరువాలో విడిగా పెట్టిన డబ్బు తీసి ఇచ్చాను. కారు కదిలింది. నాలుగో రోజున మళ్ళీ అదే టిక్ టిక్.

ఎదురింటి బాబాయిగారు ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. గోడ మీంచి చూసి, "హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పమ్మా" అన్నారు. తిప్పగానే వెలుగుతున్న లైట్లు కాస్తా గుడ్డి దీపాలైపోయాయి. "స్టార్టరుది తప్పు కాదు, దానికి కరెంటే అందడం లేదు" అని బ్యాటరీ చూపించారు. తీగ బిగించే చోట తెల్లగా, కాస్త పచ్చగా పొడి పేరుకుని ఉంది. మరి మోటారు మారిస్తే నాలుగు రోజులు ఎలా నడిచింది? మోటారు విప్పే ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి కదా, మళ్ళీ బిగించినప్పుడు ఆ కాస్త పొడీ రాలి కరెంటు పారింది. అంతే జరిగిందన్నమాట.

అసలు స్టార్టరు చేసే పని ఏమిటంటే, ఆగి ఉన్న ఇంజన్ను మొదటిసారి తిప్పడం. మన చిన్నప్పుడు అంబాసిడర్ ముందు హ్యాండిల్ పెట్టి మగవాళ్ళు చెమటలు కక్కుతూ తిప్పడం గుర్తుందా? ఆ పనే. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912 మోడల్ కాడిలాక్ కార్లలో వచ్చింది. ఆడవాళ్ళు ఒంటరిగా కారు తీసుకుని బయలుదేరడానికి దానివల్ల చాలా వీలు కలిగింది. మనం తాళం తిప్పగానే సొలినాయిడ్ అనే స్విచ్చి ఒక చిన్న పళ్ళ చక్రాన్ని ముందుకు తోసి ఇంజన్ పెద్ద చక్రానికి తగిలిస్తుంది, మోటారు గిర్రున తిరుగుతుంది. హెడ్‌లైట్లు రెండూ కలిసి 9, 10 ఆంపియర్లు తీసుకుంటే, స్టార్టరుకి ఆ క్షణంలో వందకు పైగానే కావాలి. అందుకే "లైట్లు వెలుగుతున్నాయి కదా, బ్యాటరీ బాగానే ఉంది" అనుకోకూడదు. పాచి పట్టిన పైపులోంచి సన్నటి ధార వస్తుంది గాని బిందె నిండదు, చూడండి, అలాగ.

ఇక పరీక్ష. హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, పిల్లల్ని దూరంగా ఉండమనండి. లైట్లు వేసి తాళం తిప్పుతూ చెవి అటు పెట్టండి. టిక్ టిక్ మంటూ లైట్లు మందగిస్తే బ్యాటరీ నీరసం, లేదా తీగల వదులు. లైట్లు చెక్కుచెదరకుండా ఉండి ఒక్కసారి "టక్" మని ఊరుకుంటే, అప్పుడు సొలినాయిడ్‌నో మోటారునో అనుమానించాలి. ఒక్క టక్‌తోనే లైట్లు కూడా బాగా తగ్గిపోతే రెండింటిలో ఏదైనా కావచ్చు, ముందు బ్యాటరీనే చూడండి, ఖర్చు తక్కువది అదే. చప్పుడే లేదూ, లైట్లు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయీ అంటే ఫ్యూజో రిలేయో కావచ్చు. గేర్లు వాటంతటవే మారే కారైతే పార్క్‌లోంచి న్యూట్రల్‌కి మార్చి చూడండి. బటన్ నొక్కే కార్లలో బ్రేకో క్లచ్చో పూర్తిగా తొక్కారా లేదా చూసుకోండి, నవ్వకండి, నేనూ మర్చిపోయాను. గిర్రుమని మోటారు ఒక్కటే తిరిగి ఇంజన్ కదలకపోయినా, గరగరమని పళ్ళు రాసుకున్నా స్టార్టరు దగ్గరే లోపం, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించకండి. ఇంజన్ చక్కగా తిరుగుతూ అంటుకోకపోతే మాత్రం స్టార్టరు జోలికి ఎవర్నీ వెళ్ళనివ్వకండి, అది పెట్రోలు సంగతో, స్పార్కు సంగతో. ఏ పరీక్షకైనా తాళం పది సెకన్లకు మించి పట్టుకోకూడదు, మధ్యలో అర నిమిషమైనా విశ్రాంతి ఇవ్వాలి. మోటారు వేడెక్కిపోతుంది.

ఇంట్లో మల్టీమీటరు ఉంటే మరీ మంచిది. రాత్రంతా ఆగి ఉన్న కారు బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు. 12 కన్నా దిగితే దాదాపు ఖాళీ. ఇంకొకరు తాళం తిప్పుతుండగా చూస్తే 10కి కిందికి బాగా పడిపోకూడదు.

ఆ పొడి తుడవడం మన చేతిలో పనే. ముందు బంగారు గాజులు, ఉంగరాలు తీసెయ్యండి. స్పానరుకీ బ్యాటరీకీ మధ్య గాజు తగిలితే చెయ్యి కాలిపోతుంది. కొంగు నడుముకి బిగించండి. దగ్గర అగ్గిపుల్ల గీయకండి, బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది. పది నంబరు స్పానరుతో మైనస్ తీగ ముందు, ప్లస్ తీగ తర్వాత విప్పాలి. గ్లాసుడు వేడినీళ్ళలో చెంచాడు వంట సోడా కలిపి పాత టూత్ బ్రష్షుతో రుద్దితే బుసబుసమని పొంగి పొడి పోతుంది. ఆ నీళ్ళు బ్యాటరీ మూతల్లోకి దిగకూడదు సుమా. తడి గుడ్డతో తుడిచి, ఆరాక, ఈసారి ప్లస్ ముందు బిగించి, ఆఖరున మైనస్. చేత్తో కదిపితే కదలకూడదు. పైన కాస్త వాసెలీన్ రాయండి. కొత్త కార్లలో తీగ విప్పితే గడియారం, రేడియో మళ్ళీ సర్దుకోవాలి, కొన్నింటికి ఇంకా జాగ్రత్తలుంటాయి, కాబట్టి కారుతో ఇచ్చిన పుస్తకం ఒకసారి తిరగెయ్యండి.

ఇంత చేసినా పలకకపోతే మెకానిక్‌ని పిలవాల్సిందే. వచ్చాక ఏం చూశానో, ఏ చప్పుడు విన్నానో చెబుతాను ఇప్పుడు. "బ్యాటరీ లోడు టెస్టు చేశారా? పాత మోటారు నాకు ఇచ్చి వెళ్తారా?" అని కూడా అడుగుతాను. మొదటిసారి ఆ మాట నాకు తోచనే లేదు. నా పాత స్టార్టరు అతనే సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు, ఈపాటికి ఎవరి కారులో తిరుగుతోందో!