చెడ్డ మొక్క అమ్మితే పేరు చెప్పకూడదా?

మిద్దెతోట గ్రూపుల్లో అమ్మకందారుల మీద ఫిర్యాదులకు తలుపులు మూసేస్తున్నారు. నష్టపోతున్నది కొనేవాళ్లే కాదు, నిజాయతీగా అమ్మేవాళ్లు కూడా.

ఆదివారం పొద్దున్నే మిద్దెతోట గ్రూపులు కళకళలాడుతుంటాయి. బుట్టెడు వంకాయలు, చేటలో పోసిన దొండకాయలు, తొలికాపు జామకాయ... ఫొటో మీద ఫొటో. మధ్యలో ఒకావిడ ‘ఫలానా చోట తెప్పించిన కాకర విత్తనాలు ఒక్కటీ మొలవలేదు’ అని రాస్తుంది. గంట తిరక్కుండా ఆ పోస్టు మాయమవుతుంది. ‘అమ్మకందారుల మీద వ్యతిరేక పోస్టులు పెట్టరాదు, సభ్యులు గమనించగలరు’ అని అడ్మిన్ గారి నోటు వస్తుంది. ఆ నోటు కిందే ఇంకొకరు అడుగుతారు: ‘ఎవరి దగ్గర అక్కా?’ ‘ఇన్‌బాక్స్‌లో చెప్తానమ్మా.’

ఆ ఇన్‌బాక్స్ దగ్గరే నా అభ్యంతరం. నిషేధం పెట్టినంత మాత్రాన చెడ్డమాట ఆగిపోలేదు. అమ్మినవాడికి వినబడని చోటికి వెళ్లిందంతే. అందరి ముందూ అని ఉంటే అతను ‘ఏ తేదీన కొన్నారమ్మా, ప్యాకెట్ ఫొటో పెట్టండి’ అని అడిగేవాడు. తప్పు తనదైతే వేరే ప్యాకెట్ పంపేవాడు. ఇప్పుడు నలభై ఇన్‌బాక్సుల్లో అతని పేరు పాడవుతున్నా ఆ సంగతే అతనికి తెలియదు. అమ్మకందారులను కాపాడటానికని పెట్టిన నిబంధన వాళ్ల నోరే కట్టేస్తోంది.

మన దగ్గర మిద్దెతోట చాలావరకు ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్న విద్య. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో ఇంటి మీద పెంచిన తోటను చూసి మొదలుపెట్టినవాళ్లు ఎందరో. మట్టి పాలు ఎంత, వేపపిండి ఎంత, పిండినల్లికి ఏం కొట్టాలి అన్నవన్నీ ఒకరి అనుభవం ఇంకొకరికి చేరబట్టే తెలిశాయి. ఎక్కడ కొనాలన్నది కూడా ఆ అనుభవంలో భాగమే. అందులో తీపి సగమే చెప్పి చేదు సగం దాచమనడం ఏం న్యాయం?

మొక్క విషయంలో ఈ దాపరికం మరీ ప్రమాదం. మిక్సీ చెడ్డదైతే వారంలో బయటపడుతుంది. అంటుమామిడి అసలు రంగు తెలియాలంటే మూడు నాలుగేళ్లు ఆగాలి. కడియం వైపు నుంచో, ఊరి బయట నర్సరీ నుంచో ‘మియాజాకి’ అని నమ్మబలికి ఇచ్చిన మొక్కను సగానికి కోసిన నీలం డ్రమ్ములో నాటుతాం. ఎండాకాలాలన్నీ నీళ్లు మోస్తాం. నాలుగో ఏట కాయ చూస్తే పేరూ ఊరూ తెలియని మామిడి. అప్పటికి రసీదు ఉండదు. అమ్మినవాడి ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది. పోయిన డబ్బు నాలుగైదు వందలే కావచ్చు, పోయిన నాలుగేళ్లు ఎవరిస్తారు? ఒక్కరికే ఇలా జరిగితే పొరపాటు అనుకోవచ్చు. ఒకే చోట కొన్న పదిమందికి జరిగిందంటే అది మోసం. ఆ పదిమందీ ఒకరికొకరు తెలిసే వీలున్నది గ్రూపులోనే. అక్కడ పోస్టు చెరిపేస్తే పదకొండోవాడికి దారి తెరిచినట్టే.

అమ్మేవాళ్ల గోడు

అమ్మేవాళ్ల వైపు మాట కూడా గట్టిదే. ‘మొలవలేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం విత్తనం కానే కాదు. మన దేశంలో ధ్రువీకరించిన విత్తనానికి ఉండాల్సిన కనీస మొలకశాతం టమాటా, వంగకు 70, బెండకు 65, మిరపకు 60. అంటే పది మిరప గింజల్లో ఆరు మొలిచాయంటే ఆ ప్యాకెట్ ప్రమాణం అందుకున్నట్టే. ‘నాలుగు మొలవలేదు, మోసం’ అని రాస్తే అమ్మినవాడి మీద అన్యాయంగా రాయి వేసినట్టవుతుంది. నడివేసవిలో పాలకూర గింజలు చల్లి, మొలక రాలేదని నింద వేయడమూ ఇలాంటిదే. ఆ వేడికి పాలకూర సరిగా మొలవదు.

కోకోపీట్ సంగతీ అంతే. కొన్ని ఇటుకల్లో ఉప్పు ఎక్కువగా ఉంటుంది. రెండు మూడుసార్లు కడిగి పిండకుండా వాడితే ఆకు అంచులు మాడతాయి. ‘కడిగినది’ అని చెప్పి కడగనిది అమ్మితే తప్పు అమ్మకందారుది. ‘కడిగి వాడండి’ అని రాసి ఇచ్చినా కడగకపోతే తప్పు మనది.

అన్నిటికన్నా చిక్కు అంటుమొక్క. కాండం మీద అంటు కట్టినచోట చిన్న బొడిపె, వాలుగా ఒక మచ్చ కనిపిస్తాయి. దానికి పైన ఉన్నదే మనం డబ్బిచ్చి కొన్న రకం, కిందిది నాటు మొక్క. ఆ మచ్చ కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయకపోతే అవే బలిసి పై కొమ్మను చంపేస్తాయి. చివరికి నాటు కాయే కాస్తుంది. ‘వేరే రకం అంటగట్టారు’ అని కాయ ఫొటో పెడితే చాలదనేది ఇందుకే. కాసిన కొమ్మ ఆ మచ్చకు పైనుంచి వచ్చిందా, కింద నుంచా అన్నది కనిపించేలా మొదలు ఫొటో కావాలి. ఆ ఒక్క ఫొటోతో సగం తగవులు తీరిపోతాయి. ఫిర్యాదు చెరిపేసే అడ్మిన్ ఈ పాఠాన్ని కూడా చెరిపేస్తున్నాడు. ఆ తగవు అందరి ముందూ నడిచి ఉంటే, కొత్తగా మొదలుపెట్టిన వందమంది తమ మొక్కల మొదళ్లు చూసుకునేవారు.

ఇంటి పెరట్లో నారు పోసి అమ్మే ఆడవాళ్లు ఈ గ్రూపుల్లో చాలామంది ఉన్నారు. ఒక్క చెడ్డ పోస్టుతో వాళ్ల సీజన్ అంతా పోవచ్చు. పోటీ నర్సరీ వాడే దొంగ పేరుతో చేరి బురద చల్లే అవకాశమూ ఉంది. ఈ భయాలు నిజమైనవి. అందుకే నిబంధనలు ఉండాలంటున్నాను. నిషేధం వద్దంటున్నాను.

కేసు భయం

చాలామంది అడ్మిన్లు పైకి చెప్పని కారణం ఒకటుంది. ‘పరువు నష్టం కేసు వేస్తే నేను కోర్టు చుట్టూ తిరగాలా?’ అన్న జంకు. ఊరికే చాకిరీ చేస్తున్న మనిషికి ఆ జంకు ఉండటం సహజమే. కానీ సభ్యులు పెట్టిన పోస్టుకు వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అంతకుముందు ఏడాది బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనమూ ఇంచుమించు ఇదే మాట అంది. ఇక రాసిన సభ్యుడి సంగతి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువు నష్టం నేరమే. అదే సెక్షన్, ప్రజల మేలు కోసం నిజం చెప్పడాన్ని మినహాయించింది. సద్భావంతో ఎదుటివారిని హెచ్చరించడాన్నీ మినహాయించింది. ‘వీడు దొంగ’ అని రాస్తే చిక్కు. ‘జూన్ 10న కొన్నాను, ఇరవై గింజలు నాటాను, రెండు మొలిచాయి, రెండుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు’ అని రాస్తే, అది నిజమైతే, వెనక్కి తగ్గాల్సిన పనిలేదు.

రుజువు ఎక్కడిదని అడుగుతారు. విత్తనాలన్నీ నాటేశాక పరీక్షకు పంపడానికి ఏం మిగులుతుంది? సరిగ్గా ఈ వాదనతోనే నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రైతు కొన్న విత్తనమంతా చల్లేస్తాడు, ల్యాబ్ కోసం కొంత దాచి పెట్టుకోవాలని ఆశించలేమని 2012 జనవరిలో కోర్టు తేల్చింది. ఆ రైతులు వినియోగదారులేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లే హక్కు వాళ్లకుందని కూడా చెప్పింది. ఎకరాల్లో వేసిన రైతుకు ఉన్న హక్కు డాబా మీద పది కుండీలు పెట్టుకున్న గృహిణికీ ఉంటుంది.

కేసు భయం కన్నా నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. ‘మన గ్రూపు సభ్యులకు పదిశాతం తగ్గింపు’ అని ప్రకటించిన నర్సరీ మీద ఫిర్యాదు వచ్చినప్పుడే అడ్మిన్ చేయి డిలీట్ మీదికి వేగంగా వెళితే ఏమనుకోవాలి? ఉచితంగా అందిన మొక్కలు, గ్రో బ్యాగులు, మేళాలో ఇచ్చిన స్టాలు... వీటిలో తప్పు లేదు, బయటికి చెబితే. అమ్మకందారుతో లావాదేవీ ఉండి ఆ సరుకును మెచ్చుకునేవాళ్లు ఆ సంబంధాన్ని వెల్లడించాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. విమర్శకు చోటులేని గ్రూపులో ‘సూపర్ క్వాలిటీ అండీ’ అన్న మాట ఎంత మనస్ఫూర్తిగా అన్నదైనా విలువ పోగొట్టుకుంటుంది. మంచి సరుకు ఇచ్చే నర్సరీకి ఇంతకన్నా నష్టం ఏముంది? దానికి దక్కాల్సిన మెప్పూ, పక్కవాడు కొనితెచ్చుకున్న మెప్పూ ఒకే వరుసలో నిలబడుతున్నాయి.

అడ్మిన్లకు నా విన్నపం ఇది. ఫిర్యాదును చెరపకండి, సాక్ష్యం అడగండి. కొన్న తేదీ, బిల్లు లేదా ఫోన్‌పే రసీదు, మొక్క మొదలు ఫొటో, అమ్మినవారితో మాట్లాడిన వివరం లేకపోతే పోస్టును ఆపి ఉంచండి. అవన్నీ ఉంటే అమ్మకందారును పిలిచి వారం గడువు ఇవ్వండి. తిట్లు తీసేయండి, విషయం ఉంచండి. మీకు ఏ నర్సరీతోనైనా లావాదేవీ ఉంటే గ్రూపు మొదటి పేజీలోనే రాయండి.

సభ్యులూ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. నర్సరీ వాళ్లు తప్పు ఒప్పుకొని వేరే మొక్క పంపితే, ఫిర్యాదు ఎంత ఉత్సాహంగా పెట్టారో అంతే ఉత్సాహంగా ఆ మాటను అదే పోస్టు కింద రాయండి. ప్యాకెట్ మీది లాట్ నంబరును కాయ కాసేదాకా పారేయకండి. గ్రూపులో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. జిల్లా కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్ల మీద ఫిర్యాదుకు ఫీజు ఏమీ లేదు.