అడవిలో కలుపు ఏది?

ఆగస్టు నెల ముగియవస్తున్నది. కెనడా పశ్చిమ భాగంలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో తెల్లవారీ తెల్లవారని వేళ. గాలి స్తంభించి ఉన్నది. ఒక హెలికాప్టర్ కొండవాలుకు బాగా దిగువగా వచ్చి, చాలు తప్పని నాగలివలె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతూ సన్నని తుంపర చల్లి వెళ్లిపోతుంది. కొద్ది వారాలలో ఆ వాలుమీది ఆస్పెన్, బిర్చ్ వంటి వెడల్పాకుల చెట్లు గోధుమరంగుకు తిరిగి ఎండిపోతాయి. వాటి నీడన అణగి ఉన్న స్ప్రూస్, పైన్ మొక్కలు మాత్రం పచ్చగా నిలిచి ఉంటాయి. 1980ల నుంచి అక్కడి ప్రజలు ఎన్నో వేసవులు చూచిన దృశ్యం ఇది.

అటవీశాస్త్రజ్ఞులు ఈ పనికి పెట్టిన పేరు ‘విడుదల’. కోరి నాటిన మొక్కను చెరనుంచి విడిపించడమని భావం. చంపబడే మొక్కలను వారు కలుపు అనరు. ‘పోటీ వృక్షజాలం’ అని మర్యాదగా పిలుస్తారు. పేరు ఎంత గంభీరంగా ఉన్నా, చేసే పని మాత్రం మన రైతు వరిమడిలో చేసేదే. అయితే మడికీ అడవికీ ఒక పెద్ద భేదం ఉన్నది. వరి నాలుగు నెలల పంట. ఆ శీతలదేశంలో స్ప్రూస్ ఎనభై, నూరేళ్ల పంట. ఏది పంటో, ఏది కలుపో నిర్ణయించిన మనిషి తన నిర్ణయం పండిందో, ఎండిందో చూడడానికి బతికి ఉండడు.

జానెడు మొక్క, నిలువెత్తు గడ్డి

మనం భూగోళ పాఠాలలో ‘శృంగాకారపు అడవులు’ అని చదువుకొన్నవి అలాస్కా, కెనడా, స్కాండినేవియా, సైబీరియాల మీదుగా భూమి ఉత్తరభాగాన్ని చుట్టి ఉన్నాయి. ఆకులు సూదులవలె ఉండే ఈ చెట్లే ప్రపంచానికి కలపను, కాగితపు గుజ్జును సమకూర్చే ప్రధాన వనరులలో ఒకటి. పాత అడవిని నరికిన చోట, నారుమళ్లలో పెంచిన మొక్కలను మనుషులు ఒక్కొక్కటిగా నాటుతారు. నాటేనాటికి ఆ మొక్క జానెడో, జానెడుకు కాస్త పైనో ఉంటుంది. కొత్త నేలలో వేళ్లు కుదురుకొనేందుకే దానికి రెండు మూడేళ్లు పడుతుంది.

ఆ లోపల మిగిలినవి ఊరుకోవు. ఆస్పెన్ సంగతి చూడండి. నిలిచి ఉన్న చెట్టు కొమ్మల చివరల నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోను, వేళ్లలోని మొగ్గలను నిద్రపుచ్చి ఉంచుతుంది. చెట్టు కూలగానే ఆ కట్టడి తొలగిపోతుంది. ఎండ సోకి నేల వెచ్చబడుతుంది. వేళ్లనుంచి పిలకలు లేస్తాయి. హెక్టారుకు వేలకొద్ది, ఒక్కొక్కచోట లక్షకు పైగా! వాటికి తల్లివేరులో దాచిన ఆహారం ఉన్నది కనుక మొదటి వేసవిలోనే మీటరు ఎత్తు పెరుగగలవు. జానెడు స్ప్రూస్‌కు ఆకాశం కనిపించకుండా పోతుంది.

బ్లూజాయింట్ అనే గడ్డి మరొక విధంగా గెలుస్తుంది. అది మనిషెత్తు పెరిగి, శరత్తులో ఎండి, మంచు బరువుకు వాలి, కింద ఉన్న లేతమొక్కను నేలకు అదిమివేస్తుంది. ఏటేటా పేరుకొన్న ఎండుగడ్డి నేలకు దుప్పటివలె పనిచేస్తుంది. వసంతం వచ్చినా సూర్యుని వేడి వేళ్లను చేరదు. చల్లని నేలలో స్ప్రూస్ వేరు కదలదు. ఆ గడ్డి మరుగున చేరిన ఎలుకలు మొక్కల బెరడును కొరికివేస్తాయి. ఇక అడవి రాస్ప్‌బెర్రీ విత్తనాలు నేలలో దశాబ్దాల తరబడి నిద్రించి, వెలుగు సోకగానే మేల్కొంటాయి. అడవి కాలిన చోట మొదట విరబూసే ఫైర్‌వీడ్ అనే ఊదాపూల మొక్క కూడ ఈ పోటీదారుల జాబితాలోనిదే. అదే మొక్క కెనడాలోని యూకాన్ ప్రాంతానికి అధికార పుష్పం! ఒకరి కలుపు మరొకరి పతాకచిహ్నం కావడమంటే ఇదే.

ఈ మొదటి పది, పదిహేనేళ్ల కాలంలో సాయం అందని మొక్కలు కొన్ని చనిపోతాయి, కొన్ని కుంగిపోతాయి. కనుక కలుపు తీయడం అక్కరలేదనే వాదం నిలువదు. తగాదా అంతా ఎలా తీయాలి, ఎంత తీయాలి అన్నదాని మీదనే.

పైనుంచి కురిసిన మందు

చేతి కత్తితో నరికితే ఆస్పెన్, బిర్చ్ తిరిగి పిలకలు వేస్తాయి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత రసాయనాలు వచ్చాయి. వెడల్పాకులను చంపి, సూదిమొక్కలను చాలవరకు వదిలిపెట్టే 2,4-డి, 2,4,5-టి అనే మందులు అటవీశాఖలకు వరప్రసాదంగా తోచాయి. వియత్నాం అడవులపై అమెరికా సైన్యం కురిపించిన ‘ఏజెంట్ ఆరెంజ్’ ఈ రెండింటి మిశ్రమమే. 2,4,5-టి తయారీలో డయాక్సిన్ అనే తీవ్ర విషం కల్తీగా చేరుతుందన్న సంగతి తరువాత లోకానికి తెలిసింది.

ఈలోగా కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో స్ప్రూస్ తోటలపై విమానాలు ఇవే మందులను చల్లాయి. ఎక్కడ చల్లాలో పైలట్‌కు తెలియాలి కదా! వేసవి సెలవులలో పనికి కుదిరిన విద్యార్థులు బెలూన్లు పైకెత్తి పట్టుకొని హద్దులు చూపారు. వారి నెత్తిమీదనే మందు కురిసింది. ఈ సంగతి 2011లో పత్రికలకెక్కిన తరువాత రాష్ట్రప్రభుత్వం నిజనిర్ధారణకు నిపుణుల సంఘాన్ని నియమించింది. నాటి కుర్రవాళ్లు అప్పటికి వృద్ధాప్యపు వాకిట నిలిచి ఉన్నారు.

ప్రజలు ఎదిరించకపోలేదు. నోవా స్కోషియా రాష్ట్రంలోని కేప్ బ్రెటన్ ద్వీపంలో, స్వీడన్ సంస్థ యాజమాన్యంలోని ఒక కాగితపు కంపెనీ ఈ మందులను చల్లబూనింది. స్వీడన్‌లో 2,4,5-టి 1977లోనే నిషిద్ధమైపోయింది. తమ దేశంలో పనికిరానిది మా ఊళ్ల మీద ఎందుకని స్థానిక భూయజమానులు 1982లో న్యాయస్థానానికి వెళ్లారు. వాదులలో మిక్‌మాక్ అనే ఆదివాసి తెగ నాయకుడొకరు ఉన్నారు. తరువాతి కాలంలో కెనడా గ్రీన్ పార్టీకి నాయకురాలైన ఎలిజబెత్ మే ఉన్నారు. ఆమె కుటుంబం ఖర్చుల కోసం భూమిని అమ్ముకొన్నది. 1983లో న్యాయమూర్తి మెర్లిన్ నన్ తీర్పు చెప్పారు. ఆరోగ్యానికి తీవ్రప్రమాదం ఉన్నదని వాదులు రుజువు చేయలేకపోయారన్నది తీర్పు సారాంశం. దావా వీగిపోయింది. మరో రెండేళ్లకే, 1985లో, అమెరికాలో 2,4,5-టి వినియోగం పూర్తిగా రద్దయింది. న్యాయస్థానంలో ఓడినవారి భయాన్ని కాలం కొట్టివేయలేదు.

గడ్డిమందు వచ్చిన తరువాత

ఆ స్థానాన్ని ఆక్రమించినది గ్లైఫోసేట్. 1974లో ‘రౌండప్’ పేరుతో మార్కెట్టుకు వచ్చిన ఈ మందు మన తెలుగు రైతులకు కూడ చిరపరిచితం. వారు గడ్డిమందు అని కొనేవాటిలో ఇదొకటి. మొక్కలు కొన్ని అవసరమైన అమైనో ఆమ్లాలను తయారు చేసుకొనే మార్గాన్ని ఇది మూసివేస్తుంది. ఆ మార్గం జంతువులలో లేదు. వేసవి చివర స్ప్రూస్ ఆ ఏటి ఎదుగుదలను ముగించుకొని మొగ్గ బిగించుకొంటుంది. సూదులపై మైనపు పొర గట్టిపడుతుంది. ఆస్పెన్ ఆకులు మాత్రం ఇంకా పనిచేస్తూ ఆహారాన్ని వేళ్లకు పంపుతుంటాయి. ఆ ఆహారంతో పాటు మందు కూడ వేరులోకి దిగుతుంది. హెలికాప్టర్ ఆగస్టులో రావడానికి కారణం అదే.

దీని వాడకం వెనుక చట్టం కూడ ఉన్నది. 1987 నుంచి బ్రిటిష్ కొలంబియాలో చెట్లు నరికిన కంపెనీయే తిరిగి అడవిని నిలబెట్టాలన్న నియమం వచ్చింది. నాటిన మొక్కలు చుట్టుపక్కల పొదలను మించి స్వేచ్ఛగా పెరుగుతున్నవని నిర్ణీతకాలంలో చూపితేనే కంపెనీకి బాధ్యత తీరుతుంది. ఉద్దేశం మంచిదే. కాని అధికారి పరీక్షలో వెడల్పాకు చెట్టు ప్రతివాదిగా నిలబడింది. దానిని తొలగించడమే బాధ్యత నెరవేర్చుకొనే దగ్గరిదారి అయింది.

మందు మనిషికి హాని చేస్తుందా? ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో గ్లైఫోసేట్‌ను ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న వర్గంలో చేర్చింది. కెనడా ఆరోగ్యశాఖ 2017లో, తిరిగి 2019లో, సూచనల ప్రకారం వాడితే ప్రమాదం ఉండదన్నది. ఈ రెండూ పూర్తిగా పరస్పర విరుద్ధాలు కావు. పదార్థానికి హాని చేసే గుణం ఉన్నదా అన్నది మొదటివారి ప్రశ్న. వాడే మోతాదులో ఆ హాని జరుగుతుందా అన్నది రెండవవారి ప్రశ్న. మన దేశంలో పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప దీనిని వాడరాదని కేంద్రప్రభుత్వం 2022లో ఉత్తర్వు జారీ చేసింది.

అడవినుంచే ఆహారం సేకరించుకొనే ఆదివాసులకు ఈ వివరణలు తృప్తి కలిగించలేదు. ‘పోటీ వృక్షజాలం’ అన్న మాట కింద అణగిపోయిన వాటిలో వారు కోసుకొనే రాస్ప్‌బెర్రీలు, వారి మందుమొక్కలు, దుప్పివంటి మూస్ జంతువు మేసే లేతచివుళ్లు ఉన్నాయి. ఉత్తర బ్రిటిష్ కొలంబియాలో జరిగి, 2021లో ప్రచురితమైన పరిశోధన ఒకటి, మందు చల్లి పదేళ్లు దాటిన తరువాత కూడ కొన్ని అడవి మొక్కలలో దాని జాడలు స్వల్పంగా మిగిలి ఉన్నట్లు చూపింది.

క్యూబెక్ పట్టిన దారి

మందు లేకుండా అడవి పెరగదా? క్యూబెక్ రాష్ట్రం ఈ ప్రశ్నకు ఆచరణలో సమాధానం చెప్పింది. 2001 నుంచి అక్కడ ప్రభుత్వపు అడవులలో రసాయనిక కలుపుమందులు చల్లడం మానివేశారు. మార్గం సులభమైనదే: నారుమడిలోనే మొక్కను పొడవుగా, బలంగా పెంచడం; చెట్లు నరికిన వెంటనే, పొదలు లేవకముందే నాటడం; ఆ తరువాత భుజాన మోటారు రంపం వేలాడదీసుకొన్న పనివారు వచ్చి, మొక్క చుట్టూ ఉన్న పొదలను కోయడం. ఆకులు పూర్తిగా విచ్చుకొన్న నడివేసవిలో కోస్తే వేరులో నిల్వ తక్కువగా ఉంటుంది. పిలకలు బలహీనంగా లేస్తాయి.

దీనికి ఖర్చు ఎక్కువ. దోమలు, ఈగలు ముసిరే వేడిలో రోజంతా రంపం మోయడం ప్రాణాంతకమైన శ్రమ. సారవంతమైన నేలలలో ఒక్క కోత చాలదు. అయినా రెండు దశాబ్దాలకు పైగా ఈ పద్ధతి నడిచింది. అసాధ్యమన్న మాట అబద్ధమని, ఖరీదైనదన్న మాట నిజమని తేలింది.

పోటీయేనా? పొత్తు కూడానా?

ఈలోగా విజ్ఞానశాస్త్రం మరో ప్రశ్న వేసింది. ఆస్పెన్ నిజంగా శత్రువేనా? ప్రకృతిలో ఆస్పెన్ ముందు లేచి, దాని నీడన స్ప్రూస్ నెమ్మదిగా పెరిగి, అరవై డెబ్భై ఏళ్లకు పైకి వస్తుంది. పూర్తి వెలుగులో సుమారు 40 శాతం అందితే చాలు, తెల్ల స్ప్రూస్ ఇంచుమించు పూర్తి ఎండలో పెరిగినంత ఎత్తూ పెరుగుతుంది. పలుచని నీడ దానిని వేసవి మంచుదెబ్బ నుంచి కాపాడుతుంది కూడ. ఎండనే కోరే పైన్ విషయం వేరు.

బ్రిటిష్ కొలంబియాలో సుజాన్ సిమార్డ్ 1997లో ప్రకటించిన ప్రయోగం ప్రసిద్ధమైనది. బిర్చ్ చెట్టు తయారుచేసుకొన్న కర్బనంలో కొంత పక్కనున్న డగ్లస్ ఫర్ మొక్కకు చేరుతున్నదని ఆమె రేడియోధార్మిక గుర్తుల సాయంతో చూపారు. వేళ్లను కలిపే శిలీంధ్రాలు ఇందుకు వాహకాలన్నది ఆమె అభిప్రాయం. అడవులలో ఈ శిలీంధ్రాల వల గురించి చెబుతున్న మాటలకు తగిన సాక్ష్యం లేదని 2023లో మరికొందరు శాస్త్రజ్ఞులు వాదించారు. ఆ చర్చ ఎలా ముగిసినా, బిర్చ్‌ను నరికిన చోట ఫర్ మొక్కలకు వేరుకుళ్లు తెగులు హెచ్చిందన్న సిమార్డ్ పరిశీలన మాత్రం కలుపు తీసేవారు మరువరానిది.

అగ్ని మరింత కఠినంగా పాఠం చెప్పింది. తడి ఆకుల ఆస్పెన్ తోపు నిప్పును నెమ్మదింపజేస్తుంది. జిగురుతో నిండిన సూదిచెట్లు దివిటీలవలె మండుతాయి. 2023లో కెనడాలో కోటిన్నర హెక్టార్లకు పైగా అడవి కాలిపోయింది. ఇన్ని మంటలకు కలుపుమందు కారణమనడం అన్యాయం. ఎండలు, కరువు, పిడుగులు ప్రధాన కారణాలు. కాని ఊళ్ల చుట్టూ ఆస్పెన్‌ను తుడిచిపెట్టి స్ప్రూస్‌నే నింపిన చోట, మంటను ఆపగల మిత్రుని మన చేతులతోనే చంపుకొన్నామన్న ఆలోచన అక్కడి ప్రజలను వదలడంలేదు.

అనుభవం గల రైతు గట్టుమీది ప్రతి గడ్డిపరకను పీకడు. పైరు నిలదొక్కుకొనేవరకు కాపలా కాస్తాడు. తరువాత కొంత వదిలివేస్తాడు. ఉత్తరపు అడవులలో ఏభై ఏళ్ల వివాదం చివరకు చెబుతున్నది కూడ ఇంతే. జానెడు స్ప్రూస్‌కు కొన్నేళ్లు మనిషి చేయి కావాలి. చుట్టూ ఉన్న సమస్తాన్ని ఎండబెట్టడం అందుకు అవసరం లేదు. నాటిన మొక్క తలపైకి కాస్త వెలుగు దిగేలా చేసి, మిగిలినదానిని అడవికి వదిలివేయడం నిదానమైన పని. ఖర్చుతో కూడిన పని. నూరేళ్ల పంటకు ఆపాటి ఓర్పు ఎక్కువ కాదు.