ఆసుపత్రి అలారం: సంకేతం, అర్థం, రోగి భద్రత

శబ్దార్థ సంబంధాన్ని చర్చించేటప్పుడు ప్రాణం మీదికి వచ్చే ఉదాహరణలు మనకు అరుదుగా తటస్థపడతాయి. ఆసుపత్రి అలారం అటువంటిది. ఐ.సి.యు.లో రోగి పడక చుట్టూ మానిటర్, వెంటిలేటర్, ఇన్‌ఫ్యూజన్ పంపు దేనికది మోగుతూ ఉంటాయి. మోగిన ప్రతిసారీ ఆ శబ్దం అర్థం నర్సుకు చేరాలి. ఎందుకు చేరడం లేదో సంకేతశాస్త్ర దృష్టితో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అలారం అలసట

అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013 ఏప్రిల్‌లో ఒక హెచ్చరిక వెలువరించింది. 2009 జనవరి నుండి 2012 జూన్ వరకు దానికి నివేదించిన అలారం సంబంధిత దుర్ఘటనలు 98. వాటిలో మరణాలు 80. మోగే అలారాలలో 85 నుండి 99 శాతం వరకు చికిత్సాపరమైన చర్య అవసరం లేనివేనన్న అంచనా కూడా అందులో ఉంది. ఛాతీ మీది ఎలక్ట్రోడ్ ఊడినా, రోగి ఒత్తిగిలినా అలారం మోగవచ్చు. 'నాన్నా! పులి' కథలో తండ్రి రాకపోవడం వంటిదే ఇది. అయితే ఇక్కడ అబద్ధమాడే పిల్లవాడు లేడు, అతిగా జాగ్రత్తపడే యంత్రం ఉంది.

మొదటి పరిష్కారం శబ్దాలను తగ్గించడం. బోస్టన్ మెడికల్ సెంటర్ హృద్రోగ వార్డులో గుండె వేగపు పరిమితులను సవరించి, అనవసరమైన హెచ్చరికలను తొలగించగా, వినిపించే అలారాలు 89 శాతం తగ్గాయని 2014లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది.

స్వరమాలిక నుండి శ్రవణ ప్రతిమకు

మిగిలిన శబ్దాల మాటేమిటి? 2006 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఇ.సి. 60601-1-8 గుండె, శ్వాస, ఉష్ణోగ్రత మొదలైనవాటికి వేర్వేరు స్వరమాలికలను సూచించింది. 'చెట్టు' అనే పదానికీ చెట్టుకూ పోలిక లేనట్లే, ఇవీ యాదృచ్ఛిక సంకేతాలు. వీటిని గుర్తుంచుకోవడం, ఒకదానినుండి మరొకదానిని వేరుచేయడం నర్సులకు కష్టమని ప్రయోగాలలో తేలింది. జూడీ ఎడ్వర్తీ బృందం పరిశోధనల ఆధారంగా 2020 సవరణలో శ్రవణ ప్రతిమలు చేరాయి: గుండెకు లబ్‌డబ్ చప్పుడు, మందుల సరఫరాకు సీసాలో మాత్రలు గలగలలాడే శబ్దం, ఉష్ణోగ్రతకు కెటిల్ ఈల. భాషలో ధ్వన్యనుకరణ పదాలు చేసే పనినే ఇవి ఐ.సి.యు.లో చేస్తాయి.

ఇక్కడొక సందేహం. నీళ్ళు మరగగానే ఈల వేసే కెటిల్ మన వంటిళ్ళలో అరుదు. ఈల అనగానే మనకు స్ఫురించేది ప్రెషర్ కుక్కర్. దాని ఈలలో మనం వినేది వేడిని కాదు, లెక్కను: ఎన్ని ఈలలకు పప్పు ఉడుకుతుందో ఇంటింటికీ తెలుసు. శ్రోత అనుభవంలో లేని ప్రతిమ మళ్ళీ యాదృచ్ఛిక సంకేతమే అవుతుంది. కాబట్టి తెలుగు ప్రాంతాల ఆసుపత్రులలో ఈ శబ్దాలను ప్రవేశపెట్టేముందు, వివరణ ఏదీ ఇవ్వకుండా ఇక్కడి నర్సులకు వినిపించి, ఏ శబ్దాన్ని దేనికి అన్వయించుకున్నారో వారి మాటల్లోనే నమోదు చేయాలి. ఆ సమాధానాలను విశ్లేషించే పని భాషాశాస్త్ర పరిశోధకులు చేపట్టదగినది.