దూరం పెరిగినా తగ్గిన ప్రయాణకాలం

హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఢిల్లీ విమానాశ్రయానికి ఆకాశమార్గాన దూరం సుమారు 1,260 కిలోమీటర్లు. రోడ్డున వెళ్తే 1,500 దాటుతుంది. జెట్ విమానం తగిన ఎత్తుకు చేరాక గంటకు 800 నుంచి 900 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ లెక్కన గంటన్నరలో ఢిల్లీ చేరాలి. టికెట్ మీద మాత్రం రెండు గంటల పైచిలుకే ఉంటుంది. విమానం బయలుదేరే చోటు నుంచి కదిలింది మొదలు గమ్యంలో పూర్తిగా ఆగేదాకా పట్టే కాలాన్ని విమాన సంస్థలు లెక్కలోకి తీసుకుంటాయి. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, అక్కడ వరుసలో ఆగడం, పైకి లేచేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ వేగం తక్కువగా ఉండడం, రద్దీ ఉంటే ఊరి మీద చక్కర్లు కొట్టడం అన్నీ అందులోవే. ఆలస్యమైందన్న మాట రాకుండా కొన్ని నిమిషాలు ముందే కలుపుకోవడం మామూలే. అనుకున్న వేళకంటే ముందే దిగామని ప్రకటించినప్పుడు ఆ ఘనతంతా పైలట్‌ది కాదు.

ఇక దూరం సంగతి. దాన్ని కొలిచేది గుండ్రటి భూమి మీద. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పడితే అదే అతి దగ్గర దారి. దాన్నే గ్రేట్ సర్కిల్ అంటారు. గోడకు వేలాడే పటంలో అదే దారి ఉత్తరానికి వంగినట్టు కనిపిస్తుంది. ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య దారం సైబీరియా, ఆర్కిటిక్ సముద్రం మీదుగా పోతుంది. ఆ దూరం సుమారు 12,400 కిలోమీటర్లు.

విమానాలు అచ్చంగా ఆ గీత మీదే వెళ్లడం అరుదు. సైన్యం వాడుకునే గగనతలం, తుపాను మేఘాలు, దేశాల మధ్య తగాదాలు దారిని మళ్లిస్తాయి. 2019 ఫిబ్రవరి నుంచి జులై దాకా పాకిస్తాన్ గగనతలం మూసివేసినప్పుడు ఢిల్లీ నుంచి ఐరోపా వెళ్లే విమానాలు చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చింది.

అన్నిటికన్నా పెద్ద లెక్క గాలిది. నేలకు పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలిపాయలు వీస్తాయి. వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడమూ ఉంది. చలికాలంలో హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లే విమానానికి అది ఎదురుగాలి, తిరుగు ప్రయాణంలో వెనుకగాలి. అందుకే వచ్చేటప్పుడు తక్కువ సమయం పడుతుంది. ఎయిర్ ఇండియా ఈ గాలినే నమ్ముకుంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానాన్ని మొదట అట్లాంటిక్ మీదుగా, పడమటి దిక్కుగా సుమారు 13,900 కిలోమీటర్లు నడిపేది. 2016 అక్టోబరులో దారి మార్చి, తూర్పుగా పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు నడిపింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగినా ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. పాత దారి కంటే ఇది దాదాపు రెండు గంటలు తక్కువ.

టికెట్ చూసి ప్రయాణకాలం లెక్కగట్టేవారు ఇంకొకటి గమనించాలి. దాని మీద వేసేవి ఏ ఊరికి ఆ ఊరి వేళలు. శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మనకంటే వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక. ఢిల్లీలో తెల్లవారుజామున ఎక్కినవారు అదే తేదీన, పొద్దుటిపూటే అక్కడ దిగుతారు. రెండు వేళల మధ్య తేడాకు ఆ గంటలు కలిపితేనే అసలు ప్రయాణకాలం తెలుస్తుంది.